పిల్లలకు ఆశను పాఠంగా చెప్పవచ్చా? తెలుగు, సోషల్ ఉపాధ్యాయులకు ఒక ప్రశ్న

ప్రశ్న: ఆదోని ప్రాంతపు తెలుగు టీచర్

మిత్రులకు నమస్కారం. కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోనికి దగ్గరలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెబుతాను. తొమ్మిది, పది తరగతులు నావి. మా వైపు 'సుగ్గికి పోవడం' అంటే ఏమిటో అందరికీ తెలుసు గాని, ఇతర జిల్లాల వారి కోసం చెబుతున్నాను. వానలు ముఖం చాటేసిన ఏడాది, ఒక్కొక్కసారి పంట బాగానే పండిన ఏడాది కూడా, కుటుంబాలకు కుటుంబాలు ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికీ పత్తి ఏరడానికీ వెళ్ళి, నెలల తరబడి తిరిగి రావు. పిల్లల్లో కొందరు వెంట పోతారు, కొందరు అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు. సంక్రాంతి దాటాక హాజరు పిలుస్తున్నప్పుడు, పేరు పలికిన తర్వాత ఎవరూ బదులు పలకని ఆ రెండు క్షణాలకు నేను ఇన్నేళ్ళయినా అలవాటు పడలేదు.

గత నెలలో తొమ్మిదో తరగతికి 'ఇరవై ఏళ్ళ తర్వాత మా ఊరు' అని వ్యాసం ఇచ్చాను. పచ్చని పొలాలు, పెద్ద ఆసుపత్రి, కంప్యూటర్లు, ఇలా ఎప్పుడూ వచ్చేవే వస్తాయనుకున్నాను. 38 మంది రాస్తే, సగానికి పైగా పిల్లలు రాసింది తాళాలు వేసిన ఇళ్ళ గురించి. ఒక అమ్మాయి వ్యాసం రెండు వాక్యాలతోనే ముగిసింది: "అప్పటికి మా ఊరికి బస్సు వస్తుంది. కానీ ఎక్కేదానికి ఎవరూ ఉండరు." ఆ పిల్ల 'వస్తుంది'లో తవత్తు మరిచిపోయింది. నేను ఎర్ర పెన్నుతో ఆ ఒత్తు మాత్రం దిద్ది, పదికి ఆరు వేసి, పుస్తకం మూశాను. ఇంటికి వెళ్ళాక చాలాసేపు సిగ్గు వేసింది.

ఇంతకుముందు మా బడికి ఒక వక్త వచ్చి గంటన్నరసేపు విజయగాథలు చెప్పి వెళ్ళారు. పిల్లలు చప్పట్లు కొట్టారు, కాగితం మీద తమ కలలు రాసిచ్చారు. మర్నాడు ఎలా ఉందని అడిగితే వెనక బెంచీ అబ్బాయి ఒకడు, "బాగా మాట్లాడినాడు మేడం, కానీ ఆయనది మా ఊరు కాదు కదా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మా సోషల్ సారూ నేనూ కలిసి వారానికి ఒక పీరియడు తీసుకోవడానికి ప్రధానోపాధ్యాయులు ఒప్పుకున్నారు. సంక్రాంతి సెలవుల దాకా తొమ్మిది పీరియడ్లు వస్తాయి. తెలుగు పాఠాలతో, చరిత్ర పాఠాలతో పిల్లలకు రేపటి మీద నమ్మకం కలిగించడం సాధ్యమేనా, సాధ్యమైతే ఏ పద్యం, ఏ ఘట్టం, ఎలా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు. ఒక్కటే షరతు: వాళ్ళకు అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు. చెప్పినా వాళ్ళు నమ్మరు.

సమాధానం: దివిసీమ సోషల్ మాస్టారు

మేడం గారికి నమస్కారం. నేను దివిసీమలో ఇరవై ఏళ్ళకు పైగా సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. మీ షరతు నాకు నచ్చింది. చరిత్ర పాఠంతో ఆశ కలిగించవచ్చుననే నమ్ముతాను గాని, మనం సాధారణంగా చెప్పే పద్ధతిలో మాత్రం కాదు. మనం మొదలు చెబుతాం, చివర చెబుతాం. అప్పుడు కరువు, ఇప్పుడు ఆనకట్ట. అప్పుడు బానిసత్వం, ఇప్పుడు స్వాతంత్ర్యం. ఈ రెంటికీ మధ్య ఎవరు ఏ పని చేశారో, ఎన్నిసార్లు చెడిందో, ఎన్నేళ్ళు పట్టిందో చెప్పం. మధ్య భాగం తెలియని పిల్లవాడికి మార్పు అనేది ఎక్కడో ఎవరికో దానంతట జరిగిపోయిన సంగతిలా కనిపిస్తుంది. మీ వెనక బెంచీ అబ్బాయి అన్నది అదే.

నేను చేసేది చెబుతాను. 1977 నవంబరు 19న మా దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పది వేల మంది దాకా పోయారు. మా పెద్దవాళ్ళు ఆ లెక్కను ఒప్పుకోరు, ఇంకా ఎక్కువంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్నే నేరుగా కొట్టింది. నగరంలో చెట్టన్నది మిగల్లేదన్నారు గాని, మన రాష్ట్రంలో పోయిన ప్రాణాలు వందకు లోపే. ఒడిశాలో కూడా ఇదే కథ: 1999 సూపర్ సైక్లోన్‌లో సుమారు పది వేల మంది, 2013 ఫైలిన్‌లో పదుల్లో. నేను నల్లబల్ల ఎడమ కొసన 1977 అనీ, కుడి కొసన 2014 అనీ రాసి, కింద ఆ అంకెలు వేసి, మధ్య బల్లంతా ఖాళీగా వదిలేస్తాను. "ఈ మధ్యలో ఏం జరిగిందో మీరే నింపండి" అని సుద్దముక్క వాళ్ళ చేతికిస్తాను.

మొదటి ఏడాది నేనే నింపేశాను, అది తప్పు. రాడారు, ఇన్సాట్ ఉపగ్రహం, తుఫాను షెల్టర్లు అని గడగడా చెప్పి, "చూశారా, ఎంత అభివృద్ధి!" అన్నాను. ఒక పిల్లవాడు లేచి, "మాస్టారూ, తుఫాను మాత్రం ఆగలేదు కదండీ" అన్నాడు. ఆ మాట దగ్గరే ఆ పాఠం మొదలవ్వాలని నాకు అప్పుడు తెలిసింది. తుఫాను తగ్గలేదు, చావులు తగ్గాయి. ఈ రెంటి మధ్య తేడా పట్టుకున్న పిల్లవాడికి ఇక ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. ఇప్పుడు పిల్లలు రాసేవి చూడాలి మీరు. జీపులో మైకు పట్టుకుని ఊరూరా తిరిగిన గ్రామ ఉద్యోగి, వంతెన, సెల్‌ఫోను, బడినే షెల్టరుగా కట్టడం. ఒకమ్మాయి 'మా తాతయ్య' అని రాసింది. ఎందుకని అడిగితే, "ఉప్పెనలో వాళ్ళ అమ్మా చెల్లీ పోయారండీ, అందుకని రేడియోలో తుఫాను అన్న మాట వినగానే అందరికంటే ముందు ఆయనే సంచీ సర్దుతాడు, మేం రామంటే తిడతాడు" అంది. నా జాబితాలో అది లేదు. ఏ పుస్తకంలోనూ ఉండదు.

మీ పిల్లలకు మా తుఫాను చెప్పకండి, వాళ్ళది వాళ్ళకు చెప్పండి. 1876 నుంచి 1878 దాకా ధాత కరువు ఎక్కువగా కాల్చింది మీ బళ్ళారి, కర్నూలు సీమలనే. ఆదోని అప్పట్లో బళ్ళారి జిల్లాలోది, 1953 అక్టోబరు 1న గాని ఆంధ్రలోకి రాలేదు. తుంగభద్ర ఆనకట్ట నీరు పారడం మొదలైంది కూడా ఆ ఏడాదే. 1876కూ 1953కూ మధ్య బల్లను ఖాళీగా వదిలి చూడండి. దిగువ కాలువ నీరు అందిన ఊరికీ అందని ఊరికీ తేడా మీ పిల్లలకు మన కంటే బాగా తెలుసు. అందని ఊళ్ళను కూడా బల్ల మీద రాయమనండి, అవి దాచవద్దు.

సమాధానం: విశ్రాంత తెలుగు పండితురాలు, రాజమహేంద్రవరం

అమ్మాయీ, ముందుగా నీ ఎర్ర పెన్ను సంగతి. సిగ్గుపడవలసిన పని లేదు. మేమందరం ఒత్తులు దిద్దినవాళ్ళమే. నేను ఉద్యోగంలో ఉండగా ఇంతకంటే దారుణమైన పని చేశాను, అది కింద చెబుతాను.

ఆశ గురించి చెప్పాలనుకోగానే మన తెలుగు టీచర్లకు గుర్తొచ్చేది ఏనుగు లక్ష్మణకవి తెలిగించిన భర్తృహరి పద్యం, 'ఆరంభింపరు నీచమానవులు'. చక్కని పద్యమే, కాదనను. పిల్లల చేత కంఠస్థం చేయించడానికి దాన్ని మించినది లేదు. అయితే ఆ మొదటి మాటను ఒక్కసారి భయపడే పిల్లవాడి చెవితో విని చూడు. అడ్డంకులకు జంకి పని మొదలుపెట్టనివాడు నీచుడట. ఒకసారి ఈ పద్యం చెప్పి, "మీలో ఎవరు నీచులు, ఎవరు మధ్యములు, ఎవరు ధీరులు?" అని హాస్యానికే అడిగాను. తరగతి అంతా నవ్వుతూ ఒక అబ్బాయి వైపు చూసింది. అంతకుముందు ఏడాది టెన్త్ తప్పి, మళ్ళీ చేరనా మాననా అని ఊగిసలాడి వచ్చి కూర్చున్న పిల్లవాడు. మర్నాటి నుంచి రాలేదు. ఆ పద్యం చెప్పవద్దనడం లేదు గాని, దానితో మొదలుపెట్టవద్దు.

నీ పిల్లలకు ముందు కావలసింది తమ నిరాశను చిన్నతనం అనుకోకుండా పైకి చెప్పుకునే చోటు. అందుకు పోతన గజేంద్రుణ్ణి మించినవాడు లేడు. ఆ ఘట్టాన్ని మనం భక్తికి ఉదాహరణగా చెప్పేసి, చక్రం వచ్చి మొసలి తల తెగే దగ్గర ఊపిరి పీల్చుకుంటాం. దాని కంటే ముందు ఏముందో నెమ్మదిగా చదివించు. బలం తగ్గిందన్నాడు, ధైర్యం సడలిందన్నాడు, ప్రాణాలు చోటు తప్పుతున్నాయన్నాడు. అంతకు మునుపే ఇంకో పద్యంలో, దీనుల పక్షాన దేవుడున్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు అని ఒక్కొక్కటే చెప్పుకొచ్చి, చివరకు 'కలడు కలండనెడివాడు కలడో లేడో' అనేశాడు. ఉన్నాడు ఉన్నాడని లోకమంతా చెప్పేవాడు అసలు ఉన్నాడా లేడా అని అడగడానికి ఎంత చనువు ఉండాలి! అంత సందేహం పడ్డాక కూడా పిలవడం మానలేదు. తరగతిలో నేను ఒకే ప్రశ్న అడిగేదాన్ని: "ఏనుగుకు నమ్మకం ఉండి పిలిచిందా, లేక నమ్మకం పోయి పిలిచిందా?" గంట కొట్టినా ఆ వాదన తెగేది కాదు. రెండు వైపులా పద్యాల్లోంచే సాక్ష్యం తెచ్చేవాళ్ళు, వ్యాకరణం కూడా వాళ్ళంతట వాళ్ళే అడిగి చెప్పించుకునేవాళ్ళు.

రెండోది జాషువా 'గబ్బిలం'. 1941 నాటి కావ్యం. గుడిలోకి రానివ్వని మనిషి, గుడి చూరుకు వేలాడే గబ్బిలంతో కాశీలోని శివుడికి తన కష్టం చెప్పమని కబురు పంపుతాడు. దాన్ని మనం ఆక్రోశమనీ, ధిక్కారమనీ చెబుతాం, నిజమే. కాని నీ పనికి సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది. నిజంగా ఆశ చచ్చిపోయినవాడు కబురు పంపడు. ఎవరికి పంపినా, ఎంత కోపంతో పంపినా, వినేవాడు ఒకడున్నాడని ఎక్కడో మిగిలి ఉంటేనే గబ్బిలాన్ని పిలుస్తాడు. పిల్లలను అడుగు: "మీ కబురు ఎవరికి, మోసుకెళ్ళేది ఎవరు?" నా తరగతిలో ఒకడు వారానికోసారి వచ్చే గ్యాస్ సిలిండర్ల బండిని ఎంచుకున్నాడు. ఎందుకంటే ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ ఆగేది అదొక్కటేనట. జాషువా వింటే మెచ్చుకునేవాడనిపించింది.

ఇంకొక మాట. చదివించే ప్రతి పాఠమూ మంచిగా ముగియనక్కరలేదు. దుఃఖాంతమైన కథ బాగా చదివిన పిల్లవాడు, "ఇలా కాకుండా ఉండవలసింది" అనుకుంటాడు. ఆ 'ఉండవలసింది' అన్నదే నువ్వు వెతుకుతున్నది.

సమాధానం: నెల్లూరు నుంచి, సోషల్ టీచర్

పెద్దమ్మ గారు చెప్పిన 'కబురు' మాటకు మా జిల్లాలో జరిగిన చరిత్రే ఒక రుజువు. సాహిత్యమూ సాంఘిక శాస్త్రమూ ఒకే పాఠంలో కలిసి రావాలని మీరు కోరుకుంటే, దూబగుంట కంటే మంచిది నాకు తెలియదు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు వెలుగులో పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళ వాచకంలో, మగవాళ్ళ తాగుడుతో నలిగిపోయిన ఊళ్ళో ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించిన కథ ఒకటి పాఠంగా ఉంది. దూబగుంట ఆడవాళ్ళు ఆ కథ చదివి, ఇది మన ఊళ్ళో ఎందుకు కాకూడదని అడిగారు. 1992లో వాళ్ళ ఊరి కొట్టు మూతపడింది. ఆ కబురు పక్క ఊళ్ళకు పాకింది, తర్వాత జిల్లా అంతటా సారా వేలంపాటలనే సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

ఇందులో మన తరగతికి పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఆ ఆడవాళ్ళు ముందు ఆశావాదులై, తర్వాత పోరాడలేదు. అప్పుడప్పుడే కూడబలుక్కుని చదువుతున్న అక్షరాల్లో తమ ఇంటి కథే అచ్చయి కనిపించింది. చదివారు, ఒక చిన్న పని చేశారు, అది పారింది. నమ్మకం ఆ తర్వాత వచ్చింది. అందుకని నేను పిల్లలకు ఇది ఉద్యమ పాఠంగా కాక చదువు పాఠంగా చెబుతాను. దూబగుంట కథ అయ్యాక వాళ్ళ చేత ఒక వాచకపు పాఠం రాయిస్తాను. షరతులు రెండే: కూడబలుక్కుని చదివేవారికి కూడా అర్థమయ్యే చిన్న వాక్యాలు ఉండాలి, ఊళ్ళో నిజంగా ఉన్న ఒక చిక్కు మీద ఉండాలి.

మొదట్లో నేను 1995 దగ్గర ఆపేసేదాన్ని. 1997లో నిషేధం సడలించిన సంగతి చెబితే పిల్లల ఉత్సాహం చల్లారిపోతుందని నా భయం. ఒక ఏడాది ఒక అబ్బాయి, "మరి మా నాయన తాగేదేంది మేడం?" అని సూటిగా అడిగాడు. తరగతి నవ్వింది, వాడు నవ్వలేదు. అప్పటి నుంచి 1997తో సహా చెబుతున్నాను: సారా నిషేధం మిగిలింది, మిగతా మద్యం తిరిగి వచ్చింది. ఎంత గెలిచారు, ఎంత పోయింది, పోయినది ఎందుకు పోయింది అని పిల్లలే లెక్క వేస్తారు. ఖజానాకు వచ్చే ఆదాయం దగ్గరకు వచ్చేసరికి పౌరనీతి శాస్త్రం, అర్థశాస్త్రం రెండూ తమంతట తాము తరగతిలోకి వస్తాయి. ఉత్సాహం చల్లారుతుందేమోనన్న నా భయం ఉత్తదే. పిల్లలకు తెలిసిన సంగతినే మనం దాచినప్పుడు మాత్రం వాళ్ళు మన తక్కిన మాటలు కూడా నమ్మడం మానేస్తారు.

సమాధానం: మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు, హైదరాబాద్

చర్చ మంచి దారిలో నడుస్తోంది గనుక నేను రెండు అభ్యంతరాలు మాత్రం చెబుతాను.

మొదటిది, ఆ అమ్మాయి రాసిన రెండు వాక్యాలను మనమందరం నిరాశ అనుకుంటున్నాం. నాకు అది పరిశీలన అనిపిస్తోంది. ఏడాదికి నాలుగు నెలలు ఊరు ఖాళీ కావడం చూస్తున్న పిల్ల ఆ గీతను ఇరవై ఏళ్ళు ముందుకు పొడిగించింది, అంతే. అమెరికా మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్మన్ ఆశావాదాన్ని నేర్చుకోవచ్చునని చెప్పినప్పుడు 'అంతా మంచే జరుగుతుంది' అనుకోవడం నేర్పమనలేదు. చెడు జరిగినప్పుడు మనిషి దానికి ఏ కారణం చెప్పుకుంటాడో చూడమన్నాడు. 'ఇది ఎప్పటికీ ఇంతే', 'అన్నిటా ఇంతే', 'లోపం నాలోనే ఉంది' అనే మూడు మాటలు కలిసినప్పుడు మనిషి చేతులు ముడుచుకుంటాడు. మీ పిల్లల వ్యాసాల్లో ఈ మూడింటిలో ఏవి ఉన్నాయో విడివిడిగా చూడండి. ఊరు గురించి 'ఎప్పటికీ ఇంతే' అని రాసిన పిల్ల వేరు, తన గురించి 'నేను ఎందుకూ పనికిరాను' అని రాసిన పిల్ల వేరు. మొదటి పిల్లకు చరిత్ర పాఠం చాలు. రెండో రకం మాటలు పదేపదే కనిపిస్తే, నిద్ర, తిండి, ఆటలు కూడా తగ్గితే, దాన్ని పద్యాలతో సరిపెట్టకండి. తల్లిదండ్రులతో మాట్లాడి వైద్యుని దగ్గరకు పంపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

రెండో అభ్యంతరం ఇంకా ముఖ్యమైనది. ఆశావాదాన్ని పిల్లవాడి గుణంగా బోధిస్తే, రేపు అతని బతుకు బాగుపడనప్పుడు తప్పు కూడా అతనిదే అవుతుంది. వానలు లేకపోవడం, భూమి లేకపోవడం, ఊళ్ళో పని దొరకకపోవడం పిల్లవాడి దృక్పథం వల్ల వచ్చినవి కావు. సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ 1967లో కుక్కల మీద చేసిన ప్రయోగాలతో, తప్పించుకోలేని బాధకు గురైన ప్రాణి నిస్సహాయతను నేర్చుకుంటుందని చెప్పారు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, తాము దాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నామని వారిద్దరే రాశారు. దీర్ఘకాలం బాధ పడితే చతికిలపడడం మెదడుకు సహజమైన స్పందనేననీ, నేర్చుకోవలసి వచ్చేది 'ఇది నా చేతిలో కొంత ఉంది' అన్న సంగతేననీ వారి సవరణ. కాబట్టి తొమ్మిది పీరియడ్లలో ఒక్కసారైనా, ఎంత చిన్నదైనా, పిల్లలు చేసిన పనికి బయటి ప్రపంచంలో ఏదో ఒకటి కదలాలి. దివిసీమ మాస్టారి సుద్దముక్క, నెల్లూరు టీచర్ గారి వాచకం అందుకు దగ్గరగా ఉన్నాయి. అవి ఇంకొక అడుగు వేసి తరగతి గది గడప దాటాలి.

చిన్న మాట: హోస్పేటలోని తెలుగువాడు

నేను ఉపాధ్యాయుణ్ణి కాను. దివిసీమ మాస్టారు తుంగభద్ర పేరెత్తారు గనుక రాస్తున్నాను. 2024 ఆగస్టు 10 రాత్రి మా డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. మొత్తం 33 గేట్లలో అదొక్కటే పోయినా, డ్యాం సగానికి పైగా ఖాళీ చేస్తే గాని కొత్త గేటు పెట్టలేరనీ, ఆ ఏడు పంట పోయినట్టేననీ ఊరంతా అనుకున్నాం. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో, నీరు ఉరుకుతుండగానే స్టాప్‌లాగ్ దిమ్మెలు ఒకదాని మీద ఒకటి దించి, వారం తిరిగేసరికి ఆపారు. క్రేన్లూ వెల్డింగూ చూడడానికి వంతెన మీద జనం తిరునాళ్ళలా చేరారు. మీ కాలువ నీరు ఆ గేట్ల వెనక నుంచే వస్తుంది. 1876 కంటే ముందు ఇది చెప్పండి. పిల్లలకు గుర్తుండే ఉంటుంది.

ప్రశ్న వేసినవారు మళ్ళీ

అందరికీ కృతజ్ఞతలు. జవాబు ఆలస్యమైంది, ఇప్పటికి ఆరు పీరియడ్లు అయ్యాయి, జరిగింది జరిగినట్టు రాస్తాను.

గజేంద్రుడి వాదనలో రెండు పీరియడ్లు పోయాయి, పోయాయని బాధ లేదు. 19వ గేటు కథ మా సోషల్ సారు చెప్పారు. ఒక పిల్లవాడు అప్పటికే వాళ్ళ నాన్న ఫోనులో దాని వీడియో దాచుకుని ఉన్నాడు! 1876కూ 1953కూ నడుమ బల్ల నింపడం మాత్రం సరిగా సాగలేదు. అంత వెనక్కు పోవడానికి వాళ్ళ దగ్గర చెప్పడానికి మనుషులు లేరు. అందుకని దాన్ని తగ్గించి, ఇంటికి వెళ్ళి అవ్వనో తాతనో "నీకు పదేళ్ళప్పుడు ఊళ్ళో ఏం లేదు?" అని అడిగి రమ్మన్నాం. జాబితా పొడవుగా వచ్చింది: కరెంటు, కుళాయి, టెన్త్ దాకా బడి, రేషన్ బియ్యం, పోలియో చుక్కలు. ఒకావిడ మనవడితో, "అప్పుడు సుగ్గికి నడిచి పోతాంటిమి, ఇప్పుడు బండ్లల్లో పోతాండాం" అని చెప్పి పంపింది. తరగతి ఘొల్లున నవ్వింది. మా సారు దాన్ని చెరిపేయకుండా బల్ల మధ్యలో రాసి, చుట్టూ గీత గీశారు. ఆ తర్వాత చర్చంతా దాని గురించే సాగింది: ఏది మారింది, ఏది మారలేదు, మారనిది ఎందుకు మారలేదు.

గడప దాటమన్నారు గనుక, లేఖారచన పాఠాన్ని నిజం లేఖగా మార్చాం. ఎవరికి రాయాలో పిల్లలనే తేల్చమంటే, బస్సు గురించి డిపో మేనేజరుకు రాద్దామన్నారు. ఎందుకు కావాలో కారణం లేకుండా అర్జీ నిలవదని నేను పట్టుబట్టాను. అప్పుడు ఆ రెండు వాక్యాల అమ్మాయి లేచింది. పొద్దున ఆరున్నరకు బస్సు ఉంటే వాళ్ళమ్మ ఆదోనిలో పత్తి మిల్లు పనికి పోయి సాయంత్రానికి ఇంటికి రావచ్చుననీ, తమ వీధిలోనే అలా పోగలవాళ్ళు పదకొండు మంది ఉన్నారనీ, వాళ్ళను తాను అడిగి వచ్చాననీ చెప్పింది. పేర్లు రాసుకున్న కాగితం కూడా తెచ్చింది. 'ఎక్కేదానికి ఎవరూ ఉండరు' అని రాసిన పిల్లే, ఎక్కేవాళ్ళను లెక్కపెట్టుకుని వచ్చింది. నేను ఆ కాగితాన్ని అర్జీకి జతచేశాను, ఒత్తులు దిద్దకుండానే.

డిపో నుంచి ఇంకా జవాబు రాలేదు. రోజూ మధ్యాహ్న భోజనం తర్వాత ఇద్దరు పిల్లలు వచ్చి పోస్టు వచ్చిందా అని అడిగి వెళ్తున్నారు. రాకపోతే ఏం చేయాలన్నది వచ్చే పీరియడు పాఠం. మళ్ళీ రాయడమా, సర్పంచి గారిని కలవడమా అని వాళ్ళే రెండు జట్లయ్యారు. నా ఇబ్బంది వేరొకటి. జనవరి మొదటి వారానికల్లా ఆ అమ్మాయి వాళ్ళు గుంటూరు వైపు బయలుదేరుతారట. మిగిలినవి మూడే పీరియడ్లు. 'గబ్బిలం' ముందు చెప్పాలా, దూబగుంటను 1997తో సహా చెప్పాలా? రెండూ పట్టవు. నెల్లూరు మేడం గారూ, మీరు పిల్లల చేత రాయించిన వాచకపు పాఠాల్లో ఒకటి రెండు ఇక్కడ పెట్టగలిగితే నాకు తేల్చుకోవడం సులువవుతుంది.